బ్రతికిన కాలేజీ

మదరాసు నగరమున ఎగుమూరునందలి మ్యూజియమును సామాన్యజనులు వెనుకటి దినములలో అరవమున 'సెత్త కాలేజి' యనియు, జంతుప్రదర్శనశాలను 'ఉయిర్ కాలేజి' యనియు పిలుచుచుండిరి. తెలుగున చెప్పవలెనన్న మొదటిది చచ్చిన కాలేజీ, రెండవది బ్రతికిన కాలేజీ. ఒకదానియందు గడ్డి కూరిన పులులు, గాజుకన్నుల పక్షులు, సీసాలలోని పాములు. రెండవదానియందు ఆ ప్రాణులే ఊపిరితో మెలగుచుండును. మ్యూజియము 1851వ సంవత్సరమున మొట్టమొదట నెలకొన్నది ఫోర్టు సెంటుజార్జి కాలేజీ భవనముననే. కుంఫిణీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకై 1812లో స్థాపింపబడిన కాలేజీ యది. 1817లో వచ్చిన బ్రౌను దొర తెలుగు నేర్చినదియు నచ్చటనే. మ్యూజియము 1854లో ఎగుమూరునకు తరలినను కాలేజీ యను పేరు దానిని విడువక వెంట వచ్చియుండవచ్చును. కారణమేదైనను, పులిని చూడబోవుటను కాలేజీకి పోవుటగా చెప్పుకొనిన ఆ జనులయెడ మాకు మిక్కిలి గౌరవము.

చదువుకొన్నవారమనిపించుకొను మనము మాత్రము జంతుశాలను సెలవుదినపు వినోదముగా తలచుచున్నాము. పిల్లలకు వేరుసెనగకాయల పొట్లము కొనిపెట్టి, ఏనుగు మొదలు ఎలుగుబంటి వరకు గంటన్నరలో నడిపించి, ప్రొద్దు క్రుంకకమునుపే బండి యెక్కించి యింటికి తెచ్చుచున్నాము. మరునాడు వారు బడిలో కూర్చుండి 'పులి మాంసాహారి, జింక శాకాహారి' యని పుస్తకమునుండి వల్లింతురు. నిన్న చూచిన పులికిని నేడు వల్లించిన పులికిని ఏదైన సంబంధమున్నదని ఆ పసివాండ్రకు తోచదు. తోపింపవలెనని మనకును తోచదు. శాస్త్రవిద్య మనదేశమున నాటుకొనకపోవుటకు ధనములేమియు ఉపకరణలోపమును కారణములని పెద్దలు సభలలో చెప్పుచుందురు. అవియు కారణములే. కాని, కంటియెదుటనున్నదానిని చూచుట యనునది నేర్వవలసిన విద్యయని మనము ఎరుగకుండుట అంతకంటె పెద్ద కారణమని మా యభిప్రాయము. జంతుశాలల చరిత్ర యంతయు ఈ చూచుటను మనుష్యుడు నెమ్మదిగా నేర్చుకొనిన చరిత్రయే కావున, దానిని కొంత వివరింపబూనితిమి.

మదరాసు జంతుశాలకు మూలపురుషుడు ఎడ్వర్డు బాల్ఫరు అను వైద్యుడు. మ్యూజియము ఆయన యధీనమున నుండెను. అచ్చట ఉంచబడిన ఒక పులికూనను చిరుతకూనను చూచుటకై జనులు వేలకొలదిగా వచ్చుచుండుట ఆయన గమనించెను. రాళ్లను శంఖములను చూడ రాని జనము రెండు పిల్లలకొరకు వచ్చుచున్నదే యని ఆయన విసుగుకొనలేదు. జనము దేనిని చూడగోరుచున్నదో దానితోనే చదువు మొదలుపెట్టవలెనని తలచెను. కర్ణాటక నవాబును ఒప్పించి ఆయన జంతువులను మ్యూజియమునకు ఇప్పించెను. 1855లో జంతుశాల వెలసెను. ఏడాది తిరుగునప్పటికి మున్నూటికి మించిన ప్రాణులు చేరెను. 1863లో అది పట్టణపు మ్యునిసిపాలిటీవారి చేతికి వచ్చి పీపుల్సు పార్కునకు మారెను. ఆంధ్రదేశపు సర్కారు జిల్లాలవారికి మదరాసే రాజధానిగానున్న ఆ కాలమున, వ్యాజ్యములకును పరీక్షలకును పోయిన మనవారు తప్పక చూచివచ్చిన వింతలలో ఇది యొకటి. 1985లో ఈ జంతుశాల నగరము విడిచి వండలూరు అడవిలోనికి పోయినది.

అంతకుముందు జంతువులను కూర్చినవారు రాజులు. ఇంగ్లండు రాజగు మూడవ హెన్రీకి 1235లో రెండవ ఫ్రెడరికు చక్రవర్తి మూడు చిరుతపులులను కానుకగా పంపెను; వానిని లండను బురుజులో నుంచిరి. 1252లో నార్వేనుండి తెల్లయెలుగు వచ్చెను. దానిని పొడుగుపాటి త్రాటితో కట్టి థేమ్సునదిలో చేపలు పట్టుకొన విడుచుచుండిరట! 1255లో ఫ్రాన్సు రాజు ఏనుగును పంపగా దేశమంతయు కదలి చూడవచ్చినది. ఏనుగు కాళ్లకు కీళ్లుండవనియు, అందుచే అది చెట్టునకు చేరగిలి నిదురించుననియు విద్వాంసులే గ్రంథములలో వ్రాసికొనుచున్న కాలమది. మాథ్యూ పారిసు అను సన్న్యాసి ఆ యేనుగును చూచి బొమ్మ గీసెను. ఆ బొమ్మయందు మోకాళ్లకు కీళ్లు స్పష్టముగానున్నవి. గ్రంథమున నున్నదానిని గాక కంటికి అగపడినదానిని గీసిన ఆ సన్న్యాసి చేయి ఆ కాలమున ఎంత అరుదైనదో చదువరులు ఊహింతురు గాక. ఏనుగుమాత్రము రెండేండ్లకే చచ్చిపోయెను.

మనదేశపు రాజులలో ఇట్టి చూపు కలవాడు జహంగీరు పాదుషా. ఆయన మద్యపానమును భోగలాలసతయు మేమెరుగనివి కావు. అయినను 1621లో తన కొలువునకు ఒక చారల గుఱ్ఱమును తెచ్చినప్పుడు, ఎవరో రంగులు పూసి మోసగించుచున్నారని కొందరు సందేహింపగా, ఆయన దానిని బాగుగా పరీక్షింపజేసి, ఆ చారలు పుట్టుకతో వచ్చినవేయని నిశ్చయించుకొని, పిదప తన దినచర్యయందు వ్రాయించెను. నేడు మనము జీబ్రా యనునది అదియే. మన్సూరను చిత్రకారుడు దానిని చిత్రించెను. ఆయన పెంచిన సారసపక్షుల జంటకు లైలా మజ్నూలని పేరు. అవి గ్రుడ్లు పెట్టినప్పుడు ఆడుపక్షియు మగపక్షియు ఎట్లు వంతులవారీగా పొదిగినవో, కాపలా కాచినవో పాదుషా దినదినము కనిపెట్టి వ్రాసెను. కవిసమయముచొప్పున సారసములు దాంపత్యప్రేమకు నిదర్శనములని చెప్పి ఊరకుండుట మన పండితులకు చాలియుండెను. పొదుగుట ఎన్నిదినములని లెక్కించినవాడు ఒక పాదుషా! సంస్కృతము చదివినవారమగుటచే ఈ మాట మాకు కొంత నొప్పిగానే యుండును, కాని నిజము.

ఫ్రెంచి విప్లవము రాజుల జంతువులను ప్రజల జంతువులుగా చేసినది. 1793లో పారిసునగరమున ప్రకృతిశాస్త్ర మ్యూజియము స్థాపింపబడెను. దానిని ఆనుకొనియే జంతుశాల యేర్పడెను. ఎవడైన వచ్చి చూడవచ్చును, పండితులు పరిశోధింపవచ్చును అను రెండు నియమములు ఒక్కచోట కలిసినది అచ్చటనే. 1826లో ఈజిప్టు పాలకుడు ఫ్రాన్సు రాజునకు ఒక జిరాఫీని పంపెను. అది మార్సేల్సు రేవున దిగి, 1827లో పారిసువరకు సుమారు 880 కిలోమీటర్లు కాలినడకను వచ్చెను. వెంట నడచినవాడు జాఫ్రా సెంటు హిలేరు అను సుప్రసిద్ధ జంతుశాస్త్రవేత్త. అంత పొడుగు మెడయందున్న వెన్నుపూసలు ఏడే. మన మెడయందును ఏడే, చుంచెలుక మెడయందును ఏడే. త్రోవపొడవున దానిని చూచిన పల్లెటూరి జనులకు ఈ సంగతి ఎవరైన చెప్పియుండిరో లేదో.

లండను జంతుశాస్త్ర సంఘము 1826లో పుట్టెను; 1828లో దాని యుద్యానము తెరవబడెను. మొదట సభ్యులకును వారి అతిథులకునే ప్రవేశము. సర్వజనులకును తలుపులు తెరచినది 1847లో. ఈ నడుమ, 1838వ సంవత్సరము మార్చి 28వ తేదీని, ఇరువదితొమ్మిదేండ్ల యువకుడొకడు అచ్చటికి వచ్చి జెన్నీ యను పేరుగల ఒరాంగుటాను ఎదుట నిలిచెను. ఆయన చార్లెసు డార్విను. ఓడపై భూగోళము చుట్టివచ్చి అప్పటికి ఏడాదిన్నర కావచ్చినది; ఆయనను జగద్విఖ్యాతుని చేసిన గ్రంథము వెలువడుటకు ఇంకను ఇరువదియొక్క సంవత్సరములున్నవి.

ఆనాడు ఆయన చూచినది చాల చిన్న సంగతి. కాపరి జెన్నీకి ఆపిల్ పండు చూపి ఈయకుండెను. వెంటనే అది వెల్లకిల పడి, కాళ్లు తన్నుకొని, మారాము చేయు పిల్లవలె ఏడ్చెను. ఏడుపు మాని బుద్ధిగా నుండిన పండు ఇత్తునని కాపరి చెప్పెను. మాటలన్నియు తెలిసినట్లే అది ఎట్టకేలకు ఏడుపు దిగమ్రింగుకొని, పండు పుచ్చుకొని, కుర్చీలోనికి దుమికి, మిక్కిలి తృప్తితో తినసాగెను. డార్విను నాలుగుదినముల పిమ్మట ఈ సంగతిని తన సోదరికి జాబువ్రాసెను. అక్కడనున్న వేడుకచూచువారందరు నవ్వియుందురు. నవ్వి యింటికి పోవక, మరల వచ్చి, ఆ చింపాంజీవంటి యెర్రకోతుల జాతికి అద్దమిచ్చి, అవి యేమిచేయునో చూచినవాడు ఆయన యొక్కడే. అద్దములో తమ నీడను చూచి అవి ఆశ్చర్యపడినవి. దగ్గరకు పోయి పెదవులు ముందునకు చాచినవి. అద్దము వెనుకకు చేయి పోనిచ్చి వెదకినవి. తుదకు విసిగి ఇక చూడమన్నవి.

మరుసటి సంవత్సరము డిసెంబరులో డార్వినునకు పెద్దకొడుకు పుట్టెను. జంతుశాలలో నేర్చిన చూపునే ఆయన ఉయ్యెలవైపు మరలించెను. శిశువు ఎన్నవనాడు తుమ్మినాడు, ఎప్పుడు కోపగించెను, ఎప్పుడు భయపడెను అన్నది వ్రాసికొనెను. అదే అద్దపు పరీక్ష! పిల్లవాడు నాలుగున్నర నెలలనాడు అద్దములోని నీడలను చూచి నవ్వెను. ఏడు నెలలు నిండకమునుపే, వెనుక నిలిచిన తండ్రి చప్పుడు చేయక మొగము వికారముగా పెట్టినప్పుడు, అద్దమును విడిచి వెనుకకు తిరిగి తండ్రినే చూచెను. అనగా అది నీడ మాత్రమేయని గ్రహించెను. ఈ వ్రాతలు 1877లో 'మైండు' అను పత్రికలో ప్రకటితములైనవి. పిల్లలుగల మన గృహస్థులలో ఎందరు తమ బిడ్డ మొదటి నవ్వు తేదీని ఎరుగుదురు? జాతకచక్రమునకై పుట్టిన గడియ విగడియలు మాత్రము భద్రముగా వ్రాసి పెట్టెలో దాచుచున్నాము.

డార్విను ఆ జంతుశాలలో తనమీదనే చేసికొనిన పరీక్ష యొకటి మా పిల్లలకు చెప్పినప్పుడెల్ల వారు చప్పట్లు కొట్టుదురు. విషసర్పమున్న పెట్టెయొక్క దళసరి గాజుపలకకు మొగమానించి, పాము కాటువేసినను కదలరాదని ఆయన దృఢముగా నిశ్చయించుకొని నిలిచెను. పాము కాటువేసెను. డార్విను మహాశయుడు ఒకటిరెండు గజములు వెనుకకు ఎగిరిపడెను! గాజు అడ్డమున్నదని బుద్ధికి తెలియును; తెలిసియు లాభములేదు. అనుభవమే లేని అపాయమునకు శరీరము తనంతట తాను జవాబు చెప్పినది. నరముల వ్యవస్థనుగూర్చి పది పుటలు వల్లింపజేయుటకంటె ఈ కథ చెప్పి, 'నీవును గాజుపలకయొద్ద నిలిచి చూడు' అనుట మేలు. హైదరాబాదు జంతుశాలలోని పాములయింట దీనికి కావలసిన గాజు సిద్ధముగానే యున్నది. అయితే, పాము బెదరునట్లు గాజును తట్టరాదు, నిలువవలెను, అంతియే.

ఇక మనదేశమునకు వత్తము. కలకత్తాకు సమీపమున బారక్పూరులో గవర్నరు జనరలు వెల్లస్లీ పందొమ్మిదవ శతాబ్దారంభమున జంతువులను కూర్పించెను. అలీపూరు జంతుశాల 1876వ సంవత్సరము జనవరి 1వ తేదీని తెరవబడెను. దాని చరిత్రమున మనము గౌరవముతో తలపవలసినవాడు రామబ్రహ్మ సన్యాల్ అను బంగాళీయుడు. ఆయన కలకత్తా వైద్యకళాశాలలో చదువుచుండగా కంటిచూపు చెడుటచే చదువు మానవలసివచ్చెను. ఆచార్యుడగు జార్జి కింగు ఆయనను జంతుశాలలో చిన్నపనియందు కుదిర్చెను. కూలీలచేత పనిచేయించు ఉద్యోగమది. కన్నులు సరిగా లేవని పంపివేయబడిన ఆ యువకుడే, ఆ కాలమున హిందూదేశమున జంతువులను అందరికంటె బాగుగా చూచినవాడయ్యెను! ఏ ప్రాణి యేమి తినెను, ఎప్పుడు జబ్బుపడెను, ఏ మందునకు లొంగెను, ఎప్పుడు ఈనెను అన్నది ప్రతిదినమును వ్రాసి యుంచి, క్రమముగా ఆ జంతుశాలకే అధికారియై, 1892లో బంధింపబడిన జంతువులను పోషించు విధమునుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. లండను సంఘమువారు ఆయనను తమ సభ్యులలో చేర్చుకొనిరి. 1908లో ఆయన గతించెను.

ఆయన పోషణలో 1889వ సంవత్సరమున సుమత్రాజాతి ఖడ్గమృగమొకటి ఈనెను. అటుపిమ్మట ఆ జాతి మృగము మనుష్యుల సంరక్షణలో పిల్లను కని బ్రతికించుకొనుట 2001లో, అమెరికాయందలి సిన్సినాటిలో జరిగినది. నూటపండ్రెండు సంవత్సరముల కాలము! నవీనయంత్రములన్నియు చేతనుంచుకొని గొప్పదేశములవారు శ్రమపడి సాధించిన కార్యము, కాగితమును కలమును నమ్ముకొనిన సన్యాల్ బాబు కాలముననే అలీపూరులో జరిగియుండెను. ప్రయోగశాలలు లేవు కావున శాస్త్రము నేర్వలేకున్నామని చెప్పువారికి మేము ఈయన పేరు వినిపించుచుందుము.

జంతుశాల చరిత్రమంతయు వెలుగేయని చదువరులు భ్రమింపరాదు. 1906వ సంవత్సరము సెప్టెంబరులో న్యూయార్కునగరపు బ్రాంక్సు జంతుశాలలో ఒక మనుష్యుని ప్రదర్శనమున నుంచిరి. కాంగోదేశపు మ్బూటీ జాతివాడగు ఓటా బెంగా యను యువకుడాతడు. కోతులయింట, ఒరాంగుటానుతోకూడ అతనిని నిలిపి, అతని ఎత్తును బరువును వ్రాసిన పలకను తగిలించిరి. ఆ శాలాధికారి మూర్ఖుడు కాడు, ప్రఖ్యాత జంతుశాస్త్రజ్ఞుడు. ఆ నగరమందలి నీగ్రో క్రైస్తవోపదేశకులు అగ్రహించి, ఇది మనుష్యజాతికే అవమానమని ఎదిరించి నిలిచినమీదట కొన్నాళ్లకు అతనిని విడిచిరి. 1916లో అతడు ఆత్మహత్య చేసికొనెను. ఆ జంతుశాలను నడుపు సంఘమువారు క్షమాపణ చెప్పుకొనుటకు 2020వ సంవత్సరము రావలసివచ్చినది.

డార్విను జెన్నీ మొగమున పసిపిల్లను చూచెను. డెబ్బదియేండ్లు తిరుగకమునుపే, ఆయన పేరు చెప్పుకొనువారే మనుష్యుని మొగమున కోతిని చూపజూచిరి. మొదటిది శాస్త్రము, రెండవది శాస్త్రపు వేషము వేసికొనిన అహంకారము. ఇంత చెప్పి దొరలను నిందించి మనము తృప్తిపడుటకు వీలులేదు. పలక తగిలింపకయే, బోను కట్టకయే, సాటిమనుష్యులను ఊరివెలుపల నుంచి, వారి నీడ సోకరాదని శాస్త్రప్రమాణములు చూపినవారము మనము. బాలురను జంతుశాలకు కొనిపోయినప్పుడు, కంచె అన్నది ఎక్కడ నుండవలెనో ఎక్కడ నుండరాదో కూడ చెప్పుట మంచిది. ఓటా బెంగా కథను మేము పై తరగతి పిల్లలకు తప్పక చెప్పుదుము; విని నవ్విన పిల్లను ఇంతవరకు చూడలేదు.

మన రాష్ట్రములలో నేడు ముఖ్యమగు జంతుశాలలు మూడు. హైదరాబాదున మీరాలం చెరువు ప్రక్క 1963లో తెరవబడిన నెహ్రూ జంతుశాల, విశాఖపట్టణమున 1977లోను తిరుపతిలో 1987లోను వెలసినవి. మేము పిల్లలను కొనిపోయినప్పుడు అన్నియు చూపము. సింహము నిదురించుచున్న దానిని లేపజూడము. రెండు దొడ్లకడనే ప్రొద్దు గడపుదుము: చుక్కలదుప్పుల దొడ్డి, కృష్ణజింకల దొడ్డి. మొదటిది తెలంగాణమునకును రెండవది ఆంధ్రప్రదేశమునకును రాష్ట్రజంతువులగుటచే పిల్లలు పేర్లు ఎరుగుదురు. ఎరిగినది పేర్లు మాత్రమే.

మన భాషలో జింక, లేడి, దుప్పి, ఇఱ్ఱి యనుచు కలగాపులగముగా వాడుకొనుచున్నాము. అమరసింహుడును కృష్ణసారమును, రురువును, శంబరమును మృగములనుచు ఒక్క వరుసనే కూర్చెను. కృష్ణసారము సహజముగా తిరుగు భూమి యజ్ఞములకు తగినదని మనువు చెప్పెను గాని, దాని కొమ్ము ఎట్టిదో ఆయనకు అవసరము లేకపోయెను. దొడ్డికడ నిలిచి 'ఈ రెంటి కొమ్ములును చూడుడు' అని మాత్రమే మేము చెప్పుదుము, తక్కినది వారిదే. మొదట వారు చెప్పునది, దుప్పి కొమ్మునకు కొమ్మలున్నవి, జింక కొమ్మునకు మెలికలున్నవి యని. తరువాత కొంత తడవు నిశ్శబ్దము. పిమ్మట ఎవరో ఒకరు, ఒక దుప్పి కొమ్ముమీద మఖ్మలువంటి నూగున్నదనియు, మరియొకదాని కొమ్ము నున్నగా నున్నదనియు, ఇంకొకదానికి మొండి మాత్రమే యున్నదనియు కనిపెట్టుదురు. ఒకసారి కాపుల పిల్ల యొకతె, తొమ్మిదేండ్లుండును, అడిగినది:

"మాస్టారూ, ఆ మొండిదానికి కొమ్ములు ఎవరైనా విరగగొట్టినారా?"

"నీవేమనుకొందువమ్మా?"

ఆమె చాలసేపు ఆలోచించినది. "విరగగొట్టితే మళ్లీ రావు గదండీ. మా ఎద్దుకు కొమ్ము విరిగితే మళ్లీ రాలేదు. కాని దీనికి వస్తూ ఉన్నట్టున్నది."

ఈ మూడు వాక్యములలో జంతుశాస్త్రమునందలి ఒక గొప్ప విభాగమున్నది. దుప్పి కొమ్ము వట్టి యెముక. అది యేటేట రాలిపోయి మరల మొలచును. మొలచునప్పుడు నెత్తుటి నాళములతో నిండిన నూగుతోలు దానిని కప్పి పోషించును. ఎదుగుదల ముగియగానే తోలు ఎండి, దుప్పి చెట్లకు రాచుకొనగా ఊడిపోవును. చలిదేశములలో ఈ మార్పు అన్ని మగజంతువులకును ఒక్క కాలముననే కలుగును. మన చుక్కలదుప్పులలో అట్టి కట్టుబాటు లేనందున, ఒక్క దొడ్డిలోనే అన్ని యవస్థలును ఒక్కనాడే చూడవచ్చును. కృష్ణజింక కొమ్ము అట్టిది కాదు. లోపల ఎముక, పైన గోటివంటి పదార్థముతో ఒర. బ్రతికియున్నంతకాలము అదియే పెరుగుచుండును, రాలదు. అదియే ఎద్దు కొమ్ము, మేక కొమ్ము, గొఱ్ఱె కొమ్ము. కావున మనము ఒక్క పేరుతో పిలుచు ఈ రెండు ప్రాణులలో కృష్ణజింక మన దొడ్డిలోని ఎద్దుకు చుట్టము. దుప్పికి దూరపు బంధువు. ఈ సంగతిని ఆ బాలిక పుస్తకమున చదువలేదు. తమ యింటి ఎద్దును ఎరుగుటచే, దుప్పి వేరుజాతియని కనిపెట్టినది. పట్టణపు పిల్లలు ఆనాడు ఆమెను చూచిన చూపు మాకు జ్ఞాపకమున్నది. ఆమె తండ్రి ఆడుపిల్లకు చదువెందుకని ఆ మరుసటియేడు బడి మాన్పింపదలచినప్పుడు, మేము ఆయనతో ఎద్దు కొమ్ము కథయే చెప్పితిమి. ఆయన నవ్వి, 'ఆ సంగతి నేను చెప్పినదేనండీ దానికి' అనెను. పిల్ల చదువుచున్నది.

పాములయింటికడ పని వేరు. అచ్చట కన్నులు తెరచుటకంటె నోటిమాటలను సరిదిద్దుట ముఖ్యము. పాము పాలు త్రాగి జీవించు జంతువు కాదనియు, నాగస్వరమునకు ఆడుట కాక ఊగుచున్న బుఱ్ఱను కనిపెట్టి ఊగుననియు, పగబట్టి వెంటాడదనియు పిల్లలకు చెప్పగా, ఇంటికి పోయి వారు నాగులచవితినాడు తగవు పెట్టుకొనినట్లు తల్లులు మాతో మొరపెట్టుకొనిన సందర్భములు కలవు. పూజ మానుమని మేము చెప్పము. పుట్టలోని ప్రాణికి పాలు పోయుట దానికి మేలుకాదని చెప్పుట మాత్రము మానము.

బోనునుగూర్చి కూడ ఒక మాట. జర్మనీదేశమున హాంబర్గునొద్ద కార్లు హాగెన్బెకు అను వర్తకుడు 1907లో ఊచలు లేని జంతుశాలను కట్టెను. ఊచలకు మారుగా జంతువు దాటలేని కందకములను త్రవ్వించెను. ఈ మహానుభావుడే అంతకుముందు పరదేశపు మనుష్యులనుకూడ ప్రదర్శించి ధనమార్జించినవాడు. లోకమున మంచిచెడ్డలు ఇట్లు కలిసియుండును. ఆ పద్ధతి నేడు అంతట వ్యాపించినది. ఇది దయకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. ఇరుకుబోనులో ఎలుగుబంటి గంటలకొలది తల ఊపుచుండును. 'ఎంత బాగుగా ఆడుచున్నదో' యని పిల్లలు సంతోషింతురు. అది ఆట కాదు, బంధనమువలన కలిగిన వ్యాధి. దానిని చూచి ఎలుగు స్వభావము తెలిసికొన్నామనుకొనువాడు, చెఱసాలను చూచి మనుష్యస్వభావమును వ్రాసినవానివంటివాడు. రాళ్లు రువ్వు పెద్దమనుష్యుల మాట ఇచ్చట వ్రాయ సిగ్గగుచున్నది.

జంతుశాలలు అడవులకు బదులు కావు. ఉత్తర అమెరికాయందు ఆకాశమును కప్పుచు ఎగిరిన ఒక పావురపు జాతిలో కడపటిది 1914లో సిన్సినాటి జంతుశాలయందు బోనులో చచ్చెను. దక్షిణాఫ్రికాయందలి క్వాగా యను సగము చారల గుఱ్ఱము 1883లో ఆమ్‌స్టర్‌డామున అంతరించెను. ఈ రెండును మనుష్యులు వేటాడి తుదముట్టించినవి. మన హైదరాబాదులో మాత్రము దీనికి విపరీతమగు కార్యమొకటి జరిగినది. మూషికజింక యను చిన్నప్రాణిని 2010 మొదలు అచ్చటి జంతుశాలయందు, శాస్త్రజ్ఞుల సాయముతో సంతానాభివృద్ధి చేయించి, పిమ్మట కొన్నిటిని నల్లమలయందలి అమ్రాబాదు అడవులలో విడిచిరి. కుందేటికంటె కొంచెము పెద్దది, ఒడలిపై తెల్లని చుక్కలు, చారలు, రాత్రివేళ తిరుగును. దానికి కొమ్ములు లేవు. మగదానికి పైదవుడనుండి చిన్నకోరలు వెలికివచ్చియుండును.

దీనిని గూర్చి చెప్పగానే ఆ కాపుల పిల్ల, 'కొమ్ములే లేనప్పుడు ఇది జింక యెట్లయినదండీ?' యని అడిగినది. నిజమునకు అది జింక కాదు; దుప్పికిని ఎద్దుకును కూడ చుట్టరికము కలసిన మిక్కిలి పాతవంశము దానిది. ఆ వృత్తాంతము పెద్దది, వేరొక సంచికయందు వ్రాయుదుము.